హేస్టింగ్స్ యుద్ధం రీఎనాక్ట్‌మెంట్‌కు దోస్తులతోని ఇంగ్లండ్ పోవాలనుకుంటున్నం, చూసుడు కాదు, అండ్ల దిగుడు. ఎట్ల?

పుట్టపాక_మగ్గం:

అందరికి నమస్తే. మాది పుట్టపాక, ఇప్పుడు యాదాద్రి జిల్లా అంటున్నరు గని మా నోటికి ఇంకా నల్లగొండనే వస్తది. మేము నలుగురం డిగ్రీల దోస్తులం, నల్లగొండల ఒకే రూంల మూడేండ్లు ఉన్నం. అండ్ల ఒకడు ఇంగ్లండ్‌ల ఎమ్మెస్సీ చేస్తున్నడు, పోయినంక ఏడాదిల అక్కడ ఒక రీఎనాక్ట్‌మెంట్ గ్రూపుల చేరిండు, అంటే పాత కాలం యుద్ధాలను ఆ కాలం బట్టలు కట్టుకొని అదే జాగల మల్ల చేసి చూపిస్తరు గద, అది. మొన్న వాడు ఒక వీడియో పంపిండు, డాలుకు డాలు ఆనిచ్చి గోడ లెక్క నిలవడ్డరు మనుషులు, అవుతలి దిక్కుకెళ్లి గుర్రాలు ఎక్కొస్తున్నయ్, మావోడు ఆ గోడల రెండో వరుసల ఈటె పట్టుకొని ఉన్నడు. ఆ వీడియో ఎన్నిసార్లు చూసిన్నో లెక్కలేదు. ఇగ వాడు ఏమంటడంటే అక్టోబర్‌ల హేస్టింగ్స్ యుద్ధం చేస్తరు, అంటే 1066ల ఇంగ్లండ్ రాజు హెరాల్డ్‌కు, ఫ్రాన్స్ దిక్కుకెళ్లి వచ్చిన నార్మన్ల దొర విలియంకు అయిన యుద్ధం, మీరు ముగ్గురు రాండ్రి, గ్రూపోళ్లతోని మాట్లాడుత అంటున్నడు.

ముగ్గురం పోవాలనే గట్టిగ అనుకున్నం. నేను నాయినతోని మగ్గం మీదనే ఉంటున్న, ఒకడు చౌటుప్పల్ దిక్కు కంపెనీల పనిచేస్తడు, ఇంకొకడు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్. ఎవ్వరం ఇప్పటిదాక దేశం దాటలే.

మా డౌట్లు: టికెట్ కొని చూసొచ్చుడు కాదు, నిజంగ అండ్ల నిలవడనిస్తరా మనసొంటోళ్లను? పది దినాలకు పోయేటోళ్లకు నేర్పుతరా? బట్టలు అక్కడ కిరాయికి దొరుకుతయా, ఈడ కుట్టించుకొని పోవాల్నా? మా సాఫ్ట్‌వేరోని అమ్మగారిది గద్వాల దిక్కు, వాళ్లింట్ల తాతల నాటి కత్తి ఒకటుంది, అది తీస్కపోతే ఎట్లుంటది అంటున్నడు. వీసా అప్లికేషన్ల ఏమని రాయాలె? ఇంకొకటి, ఈ సంగతి ఇంట్ల చెప్పంగనే అమ్మ "బతుకమ్మ పండుగకు ఇంట్ల ఉండవా" అని మొఖం చిన్నగ చేస్కుంది, నాయినేమో వేరే తీరు అడిగిండు, "వాళ్లు కట్టే బట్ట ఎట్లాంటిది, పడుగు పేక ఏంది, ఫొటో ఉంటే చూపి" అని. బట్ట మేమే నేసుకొని పోతే ఒప్పుకుంటరా? తెల్సినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.


కెంట్‌ల_జడ్చర్ల:

తమ్మి, నీ పోస్టు చూసి పానం లేచొచ్చింది. నాది జడ్చర్ల, ఎనిమిదేండ్లసంది ఈడ కెంట్‌ల నర్సుగ చేస్తున్న. నాలుగేండ్లసంది నేను గూడ ఒక సాక్సన్ గ్రూపుల, అంటే హెరాల్డ్ దిక్కు ఇంగ్లీషోళ్ల లెక్క నిలవడే గ్రూపుల ఉన్న, ఆడోళ్లు డాలు పట్టి నిలవడనీకి మా దగ్గర అడ్డేం లేదు. కాబట్టి ఒక్కొక్కటి నాకు తెల్సినకాడికి చెప్త, పొడుగైతది, ఓపికతోని చదువు.

ముందు అసలు సంగతి. బయటకెళ్లి వచ్చి పేరు రాయించుకొని యుద్ధంల దిగుడు ఉండదు. ప్రతి మనిషి ఏదో ఒక గ్రూపు కింద రావాలె, ఎందుకంటే ఇన్సూరెన్స్ గ్రూపు పేరు మీద ఉంటది, నీకు దెబ్బ తాకినా నీతోని ఇంకొకరికి తాకినా జవాబు చెప్పేది వాళ్లే. మీ దోస్తు గ్రూపు మిమ్మల్ని తాత్కాలికంగ మెంబర్లుగ తీసుకుంటదా అనేది మొట్టమొదలు తేల్చుకోవాలె, అది తేలకుండ ఫ్లైట్ టికెట్ బుక్ చెయ్యకు. రెండోది, డాలుగోడల నిలవడాలంటే మా గ్రూపుల పరీక్ష ఉంటది. కత్తికి పదును ఉండదు, అంచు గుండ్రంగ మందంగ ఉంటది, ఈటె మొన గూడ మొద్దుగనే ఉంటది, ఐనా అది ఇనుమే గద. కొట్టినట్టు కనవడాలె గని దెబ్బ ఆపాలె, మొఖం దిక్కు పొడుసుడు ఉండొద్దు, "ఆగు" అని కేక వినవడంగనే ఎక్కడోళ్లు అక్కడ ఆగాలె. ఇది చెప్పుడు అల్కగుంటది గని చెయ్యి తనంతట తాను ఆగుడు అలవాటు కావాలంటే నాకు ఆర్నెల్లు పట్టింది. పది దినాలల్ల నీకు నేర్పి వరుసల నిలవెడతరని నేను చెప్పలేను, చాన గ్రూపులు ఒప్పుకోవు, ఒప్పుకోకపోవుడే కరెక్టు.

గట్లని నిరాశ పడకు. యుద్ధం మైదానంల కొట్లాడేటోళ్లు ఒక్కరే ఉండరు. నీళ్లు మోసేటోళ్లు ఉంటరు, ఆ కాలం బట్టల్లనే తోలు సంచులు పట్టుకొని వరుసల నడుమ తిరుగుతరు, ఇనుప అంగీ ఏసుకొని కొట్లాడేటోనికి అక్టోబర్ చలిల గూడ నీళ్లు లేకపోతే కండ్లు తిరుగుతయ్. నా మొదటి ఏడాది మొత్తం నేను నీళ్లే మోసిన. ఇంక క్యాంపు ఉంటది, అండ్ల గుడారాలు, కట్టెల పొయ్యి, కమ్మరి పని, చెక్క పని, నేత పని అన్నీ ఆ కాలం తీరుగ చేసి వచ్చిన జనానికి చూపిస్తరు. నువ్వు మగ్గం మీద పుట్టినోనివి. అప్పటి ఇంగ్లండ్ ఆడోళ్లు నేసింది నిలువు మగ్గం మీద, పడుగు దారాలు కిందికి ఏలాడుతయ్, వాటికి మట్టి బిళ్లలు బరువుకు కడతరు, పేకను పైకి జరుపుకుంట నేస్తరు. మా క్యాంపుల అసొంటిది ఒకటుంది, దాని ముంగట నిలవడి రెండు జానల బట్ట నేసేటోళ్లు దొరుకుడే కష్టం. నువ్వు ఆడ నిలవడి నేస్తే పిల్లలు కదలరు, నేను రాసిస్త కావాలంటే.

ఇగ బట్టలు. కిరాయి దుకాణంల దొరికే డ్రామా బట్టలు గేటు కాడనే ఆపుతరు. గ్రూపుల ఒకరు చూసెటోళ్లు ఉంటరు, కుట్టు మిషన్ కుట్టు బయటికి కనవడొద్దు, జిప్పు, బటన్లు ఉండొద్దు, గడియారం, కండ్లద్దాలు ఉండొద్దు, బూట్లు తోలువే ఉండాలె. ఇప్పుడు నీకు బాధయ్యే మాట చెప్తున్న, పత్తి నూలు వద్దు. 1066ల అక్కడి మామూలు జనానికి పత్తి బట్ట లేదు. ఒంటికి తాకేది అవిసె నారతోని నేసిన లినెన్, దాని మీద ఉన్ని. పట్టు ఉండె గని అది రాజులకు, చర్చి పెద్దలకు, తూర్పు దేశాలకెళ్లి వచ్చేది. మీ నాయినకు చెప్పు, లినెన్ నూలు ఈ మధ్య మన దిక్కు గూడ దొరుకుతుంది గద, అది పడుగుకు పేకకు రెండిటికి పెట్టి సాదా నేత నేస్తే లోపలి అంగీకి మంచిగ పనికొస్తది. ఇక్కత్ డిజైన్ మాత్రం వద్దు, ఎంత ముద్దొచ్చినా సరే. రంగులు ఐతే మీకు కొత్త కాదు. వాళ్ల ఎరుపు మాడర్ వేరుకెళ్లి వస్తది, మన మంజిష్ఠకు చుట్టమే అది. మీరు తేలియా రుమాళ్ల ఎరుపుకు వాడే అలిజరిన్ కూడ ఆ వేరుల ఉన్నదే. నీలం వోడ్ అనే చెట్టు ఆకుకెళ్లి తీస్తరు, అండ్ల ఉన్న రంగు మన నీలిమందుల ఉన్న రంగే. మీ నాయినకు ఈ రెండు ముక్కలు చెప్తే ఆయనకే అర్థమైతది, ఆ బట్ట ఎంత దూరం బట్టో, ఎంత దగ్గర బట్టో.

గద్వాల కత్తి సంగతి: దాన్ని ఇంట్ల నుంచి కదపనీయకుండ్రి. నూరేండ్లు దాటిన వస్తువులు దేశం దాటియ్యనీకి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. ఈడ ఇంగ్లండ్‌ల గూడ వంకర కత్తి, అలుగు 50 సెంటీమీటర్లకు మించింది ఐతే 2008 నుంచి నిషేధం ఉంది, కొన్ని మినహాయింపులు ఉన్నయ్ గని ఎయిర్‌పోర్టుల నిలవడి వాటి గురించి వాదించే పరిస్థితి తెచ్చుకోవద్దు. పైగ 1066ల ఇంగ్లండ్ యుద్ధంల దక్కన్ కత్తి ఎందుకుంటది. కత్తి, డాలు, టోపీ అన్నీ గ్రూపులనే ఇస్తరు.


మిర్యాలగూడ77:

వీసా ముచ్చట నేను చెప్త, మా తమ్ముడు, నేను ఇద్దరం రెండేండ్ల కింద పోయొచ్చినం, వేరే పని మీద. మీకు కావాల్సింది స్టాండర్డ్ విజిటర్ వీసా, ఆర్నెల్లది. పోయే తారీఖుకు మూడు నెల్ల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, అంతకంటె ముందు తీసుకోరు. అంటే అక్టోబర్ రెండో వారానికి పోవాలంటే జులై నడుమ అప్లికేషన్ రెడీగ ఉండాలె. మామూలుగ మూడు వారాలల్ల చెప్తరు, సీజన్‌ల లేటైతది. ఫీజు 2025 ఏప్రిల్‌ల 127 పౌండ్లు అయింది, మల్ల మారుతుంటది, కట్టేముందు వాళ్ల గవర్నమెంట్ సైట్‌లనే చూసుకోరి. వేలిముద్రలు, ఫొటో హైదరాబాద్‌లనే ఇస్తరు. టీబీ టెస్ట్ ఆర్నెల్లకు మించి ఉండేటోళ్లకే, మీకు అవసరం లేదు.

అసలు జాగ్రత్త బ్యాంకు స్టేట్‌మెంట్ కాడ. మా ఊరోడు ఒకడు ఏజెంట్ మాట విని అప్లికేషన్‌కు పది దినాల ముందు నాలుగు లక్షలు చేబదులు తెచ్చి అకౌంట్ల ఏసిండు, ఆ పైసలు ఎక్కడికెళ్లి వచ్చినయో చూపియ్యలేకపోయిండు, రిజెక్ట్ చేసిండ్రు, ఆ పైసలకు మిత్తి, ఫీజు రెండూ పోయినయ్. ఇప్పుడు చాన దేశాల అప్లికేషన్లల్ల ఆ రిజెక్షన్ రాయాల్సి వస్తుంది వానికి. నీ ఆదాయం మగ్గం మీదిదైతే మగ్గం మీదిదని రాయి తమ్మి, సొసైటీ కార్డు, అమ్మిన బిల్లులు, ఆన్‌లైన్ ఆర్డర్ల పైసలు అకౌంట్ల పడ్డయి చూపి, ఆర్నెల్ల లెక్క ఒక్క తీరుగ ఉంటే చాలు, లక్షలు ఉండాల్సిన పన్లేదు, పోయి రానీకి సరిపోయేటంత ఉండి అది నీదే అని తెలిస్తే చాలు. చౌటుప్పలాయన కంపెనీ లీవు లెటర్ పెట్టాలె. పోయే కారణం దాచుడెందుకు, దోస్తును చూడనీకి, హిస్టరీ ఈవెంట్‌ల పైసలు తీసుకోకుండ పాల్గొననీకి పోతున్నం అని సాఫ్‌గ రాసి, గ్రూపోళ్ల కాడ ఒక లెటర్ తెప్పించుకొని పెట్టు. లెటర్‌ల తారీఖులు, మీ ముగ్గురి పేర్లు పాస్‌పోర్టుల ఉన్నట్టే ఉండాలె, ఇంటిపేరు దగ్గర చానమందికి ఈడనే తప్పు పడతది.

ఇంకొకటి, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆ దేశం అడగదు గని తీసుకోరి, తీసుకునేటప్పుడు అండ్ల ఏమి కవర్ కాదో రాసిన పేజీ చదువుండ్రి. కత్తులు ఈటెలతోని ఆడే ఆటల దెబ్బ తాకితే కవర్ చెయ్యం అని చాన పాలసీలల్ల ఉంటది.


రాచకొండ_గుట్టలు:

నేను జర వేరే మాట చెప్తున్న, ఎవ్వరు తప్పుగ అనుకోవద్దు. పుట్టపాక తమ్మి, మీ ఊరు పక్కనే రాచకొండ ఉంది. రేచర్ల పద్మనాయకులు ఏలిన కోట, సున్నం లేకుండ బండ మీద బండ పేర్చిన గోడలు ఇంక నిలవడే ఉన్నయ్, ఆడ ఏడాదికి ఒక్కనాడన్న ఆ కాలం సంగతి చెప్పెటోడు లేడు. పాలమూరు దిక్కు పానగల్లు కోట కాడ బహమనీ సుల్తాను ఫిరోజ్ షాకు, విజయనగరపోళ్లకు ఎంత పెద్ద యుద్ధమైందో ఆ ఊర్లె పిల్లలకు చెప్పిండ్రా ఎవరన్న? ఇంక మన నాయినమ్మలు, తాతలు కండ్ల చూసిన సాయుధ పోరాటం ఉంది. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు పడిపోయిండు, అప్పుడు కడవెండి నల్లగొండ జిల్లానే. ఒడిసెలలు, గుతుపలు, కారంపొడి పట్టుకొని ఊర్లకు ఊర్లు లేసినయ్. మల్లు స్వరాజ్యమ్మ 2022ల పోయింది. చూసినోళ్లు ఒక్కొక్కరు పోతున్నరు. మన పిల్లలు ఏడు సముద్రాలు దాటి పోయి ఇంగ్లండ్ రాజు సచ్చిపోయిన యుద్ధంల ఈటె పట్టుకుంటరు, మన కడవెండి కాడ ఎవ్వడు నిలవడడు. నాకు ఇది మనసుల గుచ్చుతుంది, అందుకే రాసిన. పోవద్దంటలే.


కెంట్‌ల_జడ్చర్ల:

రాచకొండ అన్నా, మీ మాట తప్పుగ ఎందుకు అనుకుంట, ఈడికొచ్చినంక నేను ఎక్కువ ఆలోచించింది గూడ దీని గురించే. రెండు సంగతులు చెప్త.

ఒకటి, ఆ యుద్ధం మనది కాదు, నిజమే. ఐతే అండ్ల ఎవరు నిలవడ్డరో చూడుండ్రి. హెరాల్డ్ రాజు సెప్టెంబర్ 25న పైన యార్క్ దిక్కు స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జి కాడ నార్వే రాజుతోని కొట్లాడి గెల్చిండు, మూడు దినాలకే కింద సముద్రం ఒడ్డున పెవెన్సీ కాడ విలియం ఓడలు దిగినయ్, ఇగ అంత దూరం దండును మల్ల కిందికి నడిపించుకొచ్చి అక్టోబర్ 14న గుట్ట మీద నిలవెట్టిండు. ఆ దండుల రాజు సొంత భటులు ఉన్నరు, పెద్ద గొడ్డళ్లు పట్టినోళ్లు, వాళ్ల పక్కపొంటి ఎవరున్నరు, పొలం పని ఇడిసిపెట్టొచ్చిన రైతులు. వరుసల నిలవడ్డప్పుడు నేను రైతునే, నా ఒంటి మీద ఇనుప అంగీ గూడ ఉండదు, ఈటె, డాలు, ఉన్ని అంగీ, అంతే. పొద్దుగాల తొమ్మిది గంటలసంది పొద్దుగూకేదాక వాళ్లు ఆ గుట్ట మీద నిలవడ్డరంట. మేము గంట నిలవడితేనే భుజం ఇరుగుతది. నార్మన్లు ఓడిపోయి పారిపోతున్నట్టు కిందికి ఉరుకుతరు, మా రైతుల వరుస ఆగలేక వాళ్ల ఎంబడి పడతది, ఆడనే గోడ ఇరుగుతది. ప్రతి ఏడాది నాకు తెలుసు అది మోసమని, ప్రతి ఏడాది నా కాళ్లు కిందికే ఉరుకుతయ్. పుస్తకంల ఆ ఒక్క లైను చదివితే "అంత తెలివి లేకుండ ఎట్ల ఉరికిండ్రు" అనిపిస్తది. ఆ ఏటవాలు మీద తొమ్మిది వందల ఏండ్ల కిందటి మనిషి లెక్క నిలవడితే, ముంగటోడు ఎన్ను చూపియ్యంగనే నువ్వెందుకు ఉరుకుతవో నీకే తెలుస్తది. ఆఖరికి తడి గడ్డి మీద సచ్చిపడి ఉంట, మొఖం కింద మట్టి వాసన, పైన మైకుల ఎవరో రాజు పడిపోయిండని చెప్తుంటరు, చూడనీకి వచ్చిన పిల్లలు ఒక్కసారి సప్పుడు చెయ్యకుండ అయితరు. అప్పుడు నాకు గుర్తొచ్చేది ఎవరో కాదు అన్నా, మా అమ్మమ్మ చెప్పిన రజాకార్ల ముచ్చట్లే. జొన్న చేన్ల బోర్లపడి పండుకున్నం బిడ్డా, ఊపిరి గూడ తియ్యలే అని చెప్పేది. ఆ మాట ఎంత బరువో నాకు ఇంగ్లండ్ గడ్డి మీద పడుకున్నప్పుడే తెలిసింది.

రెండోది, కడవెండి కాడ చెయ్యాలె అంటే నేను మీతోని వస్త, గని ఇదే తీరుగ చెయ్యరాదు. హేస్టింగ్స్‌ల సచ్చిపోయినోళ్ల బిడ్డలు ఇప్పుడు ఎవ్వరూ గుట్ట కింద నిలవడి చూస్తలేరు. కడవెండిల చూస్తరు. కాల్చింది ఎవరి తాత, పడిపోయింది ఎవరి తాత అనేది ఊర్లె ఇంక లెక్కల ఉంది. ఆడ యుద్ధం ఆడి చూపిచ్చే ముందు ఇంటింటికి పోయి అడగాలె, రాసుకోవాలె, ఎవరు ఏం కట్టుకున్నరు, ఒడిసెల ఏ నారతోని పేనిండ్రు, పొయ్యి మీద ఏం ఉడికింది అనేది. ముందు పాట, గొంగడి, గటుక, అంబలి, ఒడిసెల పేనుడు, ఇవి చేసి చూపియ్యొచ్చు, తుపాకి సప్పుడు తర్వాత సంగతి. రాచకొండ, పానగల్లు కోటలకైతే ఆ ఇబ్బంది లేదు, ఆరేడు వందల ఏండ్ల కిందటివి. ఈ పిల్లలు ముగ్గురు ఈడికొచ్చి క్యాంపు ఎట్ల నడుపుతరు, దెబ్బలు తాకకుండ ఎట్ల చూస్తరు, బట్ట ఎట్ల పరీక్ష చేస్తరు అన్ని చూసి నేర్చుకొని వస్తే రేపు రాచకొండల ఎవరన్న మొదలువెట్టనీకి అక్కరకొస్తది. అట్ల మొదలువెడితే సెలవు పెట్టుకొని వచ్చెటోళ్లల్ల నేనొకదాన్ని.


రాచకొండ_గుట్టలు:

మీ అమ్మమ్మ మాట చదివినంక ఇగ నేను ఏమి అనలేను అక్కా. ఇంటింటికి పోయి రాసుకునే పని నేను ఇప్పుడే మొదలువెడత, దానికి వీసా అక్కరలేదు. మా పెద్దమ్మకు ఎనభై ఏడు, మొన్ననే ఒడిసెల గురించి అడిగితే చేతులతోనే తిప్పి చూపిచ్చింది. తమ్మీ పుట్టపాక, నువ్వు పోయిరా, వచ్చినంక కలుద్దాం, నీ నంబరు మెసేజ్ చెయ్యి.


నారాయణపేట_గొంగడి:

ఉన్ని బట్ట అంటున్నరు గద, ఒక ముచ్చట. మా తాత కురుమ, గొర్లు ఉన్నయ్ మాకు, దక్కని నల్ల గొర్లు. మా దిక్కు ఇంక గొంగళ్లు నేసేటోళ్లు కొంతమంది ఉన్నరు, చేతుల వడికిన ఉన్ని, రంగు ఉండదు, గొర్రె ఏ రంగుంటే బట్ట ఆ రంగే. పడుగుకు చింతగింజల గంజి పెడతరు, అందుకే కొత్తల కట్టె లెక్క బిగుసుకొని ఉంటది, వాన పడితే నీళ్లు కిందికి జారిపోతయ్. ఆ కాలం ఇంగ్లండోళ్లు పైన కప్పుకునేది గూడ గట్లనే ఉండొచ్చు గద? అక్టోబర్‌ల ఆడ వాన, చలి అంటరు. నాకు ఇంగ్లండ్ చరిత్ర తెల్వదు, ఉన్ని మాత్రం తెలుసు. గొంగడి పనికొస్తదంటే మా కాడ మూడు పంపిస్త, పైసలు ముచ్చట తర్వాత.


కెంట్‌ల_జడ్చర్ల:

అన్నా, నాకు ఇన్నేండ్లల్ల ఈ ఆలోచన ఎందుకు రాలే! ఒప్పుకుంటరనే అనుకుంటున్న. చేతి వడుకు, సాదా నేత, రంగు వెయ్యని ముదురు ఉన్ని, మా గ్రూపుల పరీక్ష చేసేటామె ఎప్పుడు అడిగేది గిదే, మిల్లు ఉన్ని చూసి మొఖం తిప్పుకుంటది. చతురస్రంగ ఉన్న ఉన్ని గుడ్డను కుడి భుజం మీద సూదితోని గుచ్చుకొని కప్పుకునేది అప్పటోళ్ల తీరు, మన గొర్లకాపరులు తల మీదికెళ్లి కొప్పెర ఏసుకున్నట్టు కాదు, గంతే తేడా. కొస కుచ్చులు, రంగు అంచు ఉంటే వద్దు, సాదా కావాలె. ముందు రెండు ఫొటోలు, చేతులంత ముక్క ఒకటి పోస్టుల పంపండి, ఆమెకు చూపిచ్చి చెప్త, ఊకె మూడు గొంగళ్లు పంపి ఇబ్బంది పడకుండ్రి.

గొంగడి మాట మీద ఇంకోటి యాదికొచ్చింది. మోకాలి కింద కాళ్లకు ఉన్ని పట్టీలు చుట్టుకుంటం మేము, చీలమండ కాడ మొదలువెట్టి పైకి చుట్టాలె, జారకుండ చుట్టుడు ఒక విద్య. మన పోలీసులు, సిపాయిలు పాత కాలంల చుట్టుకున్న పట్టీలు చూసిండ్రు గద, గట్లనే. ఇంగ్లీషోళ్లు దాన్ని పటీ అంటరు, ఆ మాట మన దేశంకెళ్లి వచ్చిందే, మన పట్టీనే. అవి నాలుగు వేళ్ల వెడల్పు ఉంటయ్, ఒక కాలుకు మూడు నాలుగు మీటర్ల పొడుగు. గొంగడి నేసేటాయనకు వీలైతే అవి గూడ నేయమనుండ్రి.


పుట్టపాక_మగ్గం:

ఇంత మంది ఇంత ఓపికతోని రాస్తరనుకోలే, నాలుగు దినాలసంది చదువుకుంటనే ఉన్న, మావోళ్లకు గూడ చదివి వినిపించిన. ఏం తేలిందో చెప్త.

మా దోస్తు గ్రూపోళ్లతోని నిన్న వీడియో కాల్ల మాట్లాడినం. అక్క చెప్పినట్టే అన్నరు, ఈ ఏడాది వరుసల నిలవడనియ్యరు. హైదరాబాదోడు కొంచెం దిగాలు పడ్డడు, వాడు ఆ డాలుగోడ కోసమే నాలుగు నెలలసంది జిమ్‌కు పోతుండె. ఐతే నీళ్లు మోసే పని ఇద్దరికి ఇస్తమన్నరు, నేను నేత చేస్త అంటే ఆ పెద్దాయన కూసున్నకాడికెళ్లి లేసి ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చిండు కెమెరా ముంగటికి. లెటర్ పంపిస్తమన్నరు. మిర్యాలగూడ అన్న చెప్పినట్టు పేర్లు పాస్‌పోర్టు చూసి టైపు చేసి పంపిన. బిల్లులన్ని ఒక ఫైల్ల పెడుతున్న, రెండు నెల్లవి దొరుకుతలేవు, సొసైటీల అడగాలె. గద్వాల కత్తి గోడకే ఉంటది, వాళ్ల అమ్మమ్మకు ఆ ముచ్చట చెప్తే ఆమె ముందే ఇయ్యనన్నదంట.

అమ్మ సంగతి గూడ చెప్పాలె. సద్దుల బతుకమ్మకు రెండు దినాల ముందే వచ్చేటట్టు టికెట్ చూసినం. దాని తర్వాత అమ్మ ఏమన్నదంటే, ఆడ పూలు ఏముంటయో చూసి రా, తంగేడు ఉండదు గద అని. తంగేడు ఉండదనే అనుకుంటున్న, అక్క చెప్పాలె.

నాయిన ఐతే వారంసంది ఇదే పని మీద ఉన్నడు. నిలువు మగ్గం ఫొటోలు చూపిస్తే చానసేపు చూసిండు, బిళ్లల బరువుతోని పడుగు బిగువు ఒక్క తీరు ఎట్ల వస్తది, ఒక బిళ్ల బరువెక్కువైతే ఆడ బట్ట కుంచుకపోదా అన్నడు. మాకు దానికి జవాబు తెల్వదు. పెరట్ల రెండు గుంజలు పాతి మీద దూలం పెట్టి, తాటిముంజలంత మట్టి బిళ్లలు పన్నెండు చేసి ఎండవెట్టిండు. కుమ్మరాయన కాడ కాల్పిస్తడంట. నేను ఆడికి పోయి కొత్తగ నేర్చుకునుడు కాదు, ఈడనే చేతికి రావాలె అంటున్నడు. లినెన్ నూలు ఐదు కిలోలు చెప్పినం, వస్తుంది. నారాయణపేట అన్నా, ముక్క అక్కకు పంపిండ్రా?

ఇప్పుడు ఒక్కటే డౌట్. మా గుంట మగ్గం మీద పన్నె, అంటే బట్ట వెడల్పు, 48 ఇంచులది. మోకాళ్ల దాక వచ్చే అంగీ ఒకటికి ఎన్ని మీటర్లు నెయ్యాలె? మాది మరీ పెద్ద శరీరాలేం కాదు.


కెంట్‌ల_జడ్చర్ల:

48 ఇంచుల పన్నె ఐతే ఒక్కొక్కరికి నాలుగు మీటర్లు పెట్టుకో. ఒంటికి, చేతులకు అంత పట్టదు గని కింద గేరు రానీకి మూడుమూలల ముక్కలు నాలుగు పడతయ్, చంక కింద చిన్న చౌకం ముక్కలు రెండు. లేకపోతే వంగినప్పుడు చింపుకపోతది. కుట్టేముందు రెండుసార్లు ఉడుకు నీళ్లల్ల నానబెట్టి ఎండవెట్టుండ్రి, లినెన్ కుంచుకుపోతది. కుట్టు చేత్తోనే కుట్టాలె, దారం గూడ లినెన్‌దే, దానికి మైనం రాసుకుంటే తెగదు.

మట్టి బిళ్లల ఫొటో పెట్టు తమ్మి, కాల్చినంక. మీ నాయిన అడిగింది సరైన ప్రశ్న, బరువు ఎక్కువున్న బిళ్లకు ఎక్కువ దారాలు కట్టి సమానం చేస్తం మేము. పన్నెండు సాలవు, ఇరవై దాక చెయ్యమను, ప్రయాణంల పగులుతయ్.

గొంగడి ముక్క నిన్ననే వచ్చింది, ఇంకా ఇప్పలే. శనివారం ప్రాక్టీసుకు పోతున్న, ఆమె చేతుల పెట్టి చూపిస్త. తంగేడు లేదు ఈడ. పసుపుపచ్చటి పూలు కావాలంటే గార్స్ అని ముండ్ల చెట్టు ఒకటుంటది సముద్రం దిక్కు, అక్టోబర్‌ల గూడ కొన్ని పూస్తయ్, అమ్మకు ఫొటో పంపిస్త.